బీరువాకి కలప ఎంత? లెక్క మనమే వేద్దాం



మన పుస్తకాల గదికి ఒక చెక్క బీరువా చేయించాలని అనుకుంటున్నట్టు మొన్న ప్రార్థన దగ్గర చెప్పారు. చాలా సంతోషం. ఇన్నాళ్ళూ మన పుస్తకాలు రేకు పెట్టెల్లోనే పడి ఉన్నాయి. అడుగున ఉన్నవాటికి చెద పట్టింది. సాంఘికశాస్త్రం పుస్తకాలైతే తీయబోతే చేతికి మట్టి వచ్చింది. కావున బీరువా రావాలి, అందులో నాకు వేరే మాట లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దానికి ఎంత కలప పడుతుందో ముందుగా ముక్క ముక్కకీ లెక్క వేసి, ఆ కాగితం అందరికీ కనపడేలా అంటించి, ఆ తర్వాతే డబ్బు బయటికి తియ్యాలి. "మొత్తం కలిపి ఇంత" అని గుత్తకి ఇవ్వకూడదు.

భోజనాల దగ్గర ఈ మాట అంటే ఒక మిత్రుడు నవ్వేశాడు. "ఏటి, చెక్క బీరువాకి కూడా లెక్కలేటి? పెద్దోళ్ళు చూసుకుంటారు గదా" అన్నాడు. పెద్దోళ్ళు చూసుకోరని నేను అనటం లేదు. చూసుకోడానికి వాళ్ళ చేతిలో కూడా ఒక కాగితం ఉండాలి అంటున్నాను.

బెంచీల సంగతి గుర్తుందా? మూడేళ్ళ కిందట గుత్తకి చేయించిన బెంచీలు. అంగుళం పలకలు వేస్తామని అందరి ఎదుటా అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే నాలుగు విరిగాయి. విరిగిన పలకని నేను స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా ముప్పావు అంగుళం ఉంది. మనమంతా "మోసం, మోసం" అని అరిచాం. కానీ ఆ చేసినాయన్ని అడిగితే ఏమంటాడు? "కోత మిల్లు నుంచి తెచ్చినప్పుడు అంగుళమే బాబూ, రెండు వైపులా చిత్రిక పడితే ముప్పావు అయింది" అంటాడు. అది అబద్ధమని చెప్పలేం. గరుకు పలకకి చిత్రిక పడితే ఒక్కో వైపు అరపావు అంగుళం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు దాకా పోతుంది. రెండు వైపులా కలిపి పావు అంగుళం. కాబట్టి జరిగింది మోసమో కాదో ఈ రోజుకీ తేలదు. చిత్రికకి ముందు అంగుళమా, తర్వాత అంగుళమా అన్నది ఎక్కడా రాయలేదు. నా కోపమంతా ఆ రాయకపోవడం మీదే.

ఇంకో సంగతి కూడా చూడండి. పలక మందం నాలుగింట మూడు వంతులు అయితే బలం కూడా మూడు వంతులు ఉంటుందనుకుంటాం. అలా కాదు. వంపుకి తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు. అంటే పదహారింట తొమ్మిది వంతులే, సగం కన్నా కాస్త ఎక్కువ. ఒక్క బెంచీ మీద అయిదుగురం కూర్చున్నాం, విరగక ఏం చేస్తుంది?

ఇక బీరువా లెక్కకి వద్దాం. తలుపులు లేని బీరువా అనుకుందాం. ఎత్తు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు అడుగు. చిత్రిక పట్టాక పలక మందం అంగుళం. పక్కన రెండు నిలువు చెక్కలు. అడ్డ చెక్కలు పైదీ కిందదీ కలిపి 6, అప్పుడు 5 అరలు వస్తాయి. అర ఎత్తు 13 అంగుళాల పైన ఉంటుంది, మన అట్లాసు కూడా నిలబడుతుంది.

నాలుగు అడుగుల అడ్డ చెక్క మీద పుస్తకాలు నింపితే కొన్నాళ్ళకి మధ్యలో ఉయ్యాలలా కుంగుతుంది. పుస్తకాలు తేలిక అనుకోకండి. అడుగు వరస పాఠ్యపుస్తకాలు మెస్ తక్కెట్లో వేస్తే దాదాపు పది కిలోలు తూగాయి. అంటే ఒక్క అర మీద నలభై కిలోలు, చిన్న బియ్యం బస్తా అన్నమాట. కావున నడిమిలో ఇంకో నిలువు చెక్క వెయ్యాలి. దానికీ అడ్డ చెక్కలకీ సగం సగం గాడి కోసి కూర్చాలి. గుత్తకి ఇస్తే ముందుగా ఎగిరిపోయేది ఈ నడిమి చెక్కే. బీరువా కొత్తలో అది లేకపోయినా ఎవరికీ తెలియదు మరి.

కలప అడితిలో ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. దాన్నే సి.ఎఫ్.టి. అంటారు, ఒక్కోసారి ఉత్తి "అడుగు" అని కూడా అంటారు. అది పొడవు అడుగు కాదని గుర్తుంచుకోవాలి. లెక్క తేలికే. పొడవు అడుగుల్లో, వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144 తో భాగించాలి. 144 ఎందుకంటే వెడల్పుకి ఒక 12, మందానికి ఒక 12.

నిలువు చెక్క ఒక్కటి 6 × 12 × 1 = 72. దాన్ని 144 తో భాగిస్తే అర అడుగు. మూడు చెక్కలకి ఒకటిన్నర. అడ్డ చెక్క ఒక్కటి 4 × 12 × 1 = 48, భాగిస్తే అడుగులో మూడో వంతు. ఆరింటికి రెండు అడుగులు. మొత్తం మూడున్నర ఘనపుటడుగులు. 7వ తరగతి తమ్ముళ్ళు కూడా వెయ్యగల లెక్క ఇది.

ఇక్కడితో ఆపేసి అడితికి వెళితే మనమూ బెంచీలాయన లాగే అవుతాం. మనకి కావలసింది చిత్రిక అయ్యాక అంగుళం. అంటే కొనేటప్పుడు అంగుళంపావు మందం పలక తేవాలి. మూడున్నరని ఒకటింపావుతో గుణిస్తే 4.375. ఆ పైన ముడులున్న చోట, అంచున చేవ లేని తెల్ల చెక్క ఉన్న చోట, కొనల్లో నెర్రె విచ్చిన చోట కోసి పారెయ్యాలి. అడుగు వెడల్పు పలక ఒకే ముక్కగా దొరకడం కూడా కష్టమే. ఆరంగుళాల పలకలు రెండు అతికించాలంటే అతికే అంచులు సాపు చేసినప్పుడు ఇంకాస్త పోతుంది. వీటన్నిటికీ కలిపి నూటికి 15 చొప్పున తరుగు వేసుకుంటే 5.03 వస్తుంది. అంటే అయిదు అడుగులు.

చూశారా, బీరువాలో కనపడేది మూడున్నర, కొనవలసింది అయిదు. ఈ తేడా దొంగతనం కాదు. పొట్టూ ముక్కలూ అయ్యి నేల మీద కనపడుతుంది. ఈ లెక్క తెలియకపోతే అయిదడుగులు రాసిన మేస్త్రిని కూడా మనం అనుమానిస్తాం, అది అన్యాయం. ఎనిమిది అడుగులు రాసినవాడిని ఏమీ అడగలేం, అదీ అన్యాయమే. లెక్క తేలిక కోసం ఘనపుటడుగు వెయ్యి రూపాయలు అనుకోండి. (అసలు ధర అడితిలో అడిగి రావాలి, చెట్టుని బట్టి, పలక సైజుని బట్టి మారిపోతుంది.) అయిదుకి అయిదు వేలు, ఎనిమిదికి ఎనిమిది వేలు. ఆ మూడు వేలతో మన గదికి ఎన్ని పుస్తకాలు వస్తాయో అనుకోండి.

మా ఊరి వడ్రంగి తాత దగ్గర సెలవుల్లో కూర్చుని నేర్చుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఇదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది. ఎన్ని అడుగులు అన్నదొక్కటే చాలదు, ఏ పొడవు పలకలు అన్నది కూడా చూడాలి. మన నిలువు చెక్కలు 6 అడుగులు. అడ్డ చెక్కలు నిజానికి 3 అడుగుల 10 అంగుళాలు, ఎందుకంటే పక్క చెక్కల మందం రెండంగుళాలు పోతుంది. 10 అడుగుల పలక తెస్తే ఒక నిలువు చెక్కా, ఒక అడ్డ చెక్కా దిగుతాయి. రంపం కోతకీ, కొనలు సరిచెయ్యడానికీ రెండంగుళాలు మిగులుతుంది. అలాంటివి మూడు. తర్వాత 8 అడుగులది ఒకటి తెస్తే రెండు అడ్డ చెక్కలు, 4 అడుగులది ఒకటి తెస్తే ఆఖరిది. మొత్తం 42 అడుగుల పొడవు పలక.

అదే అడితిలో "అన్నీ ఏడడుగులవే ఉన్నాయి, తీసుకుపొండి" అంటే? ఏడడుగుల పలకలో ఒక్క నిలువు చెక్కే వస్తుంది, అడుగు వృథా. అడ్డ చెక్కా ఒక్కటే వస్తుంది, మిగిలిన మూడడుగుల చిల్లర ముక్క రెండో దానికి సరిపోదు. మొత్తం తొమ్మిది పలకలు కొనాలి. 63 అడుగులు! అదే బీరువా, అదే ధర, కానీ ఒకటిన్నర రెట్లు కలప. ఈ లెక్క తాతకి చూపిస్తే కాసేపు చూసి, "నడిమి నిలువు చెక్క ఒకే ముక్క ఎందుకురా, ఆ మిగిలిన ముక్కలు అరకొకటి కోసి నిలబెట్టు, ఒక పలక తగ్గుతుంది" అన్నాడు. అవును, అప్పుడు 56 తో సరిపోతుంది. తాత బడికి వెళ్ళలేదు. మనం బడిలో నేర్చుకున్నది ఆయన కంటితో చేస్తాడు. కానీ ఆయన కన్ను మన స్టోరు రిజిస్టరులో ఎక్కదు గదా, అందుకని కాగితం కావాలి.

వెనక వైపుకి ప్లైవుడ్డు చాలు. 6 × 4 అంటే 24 చదరపు అడుగులు. షీటు 8 × 4 వస్తుంది, 32. మిగిలిన 2 × 4 ముక్క మనదే, దుకాణానికి కాదు. దాన్ని నల్లరంగు వేసి నోటీసు బోర్డు చేసుకోవచ్చు. ప్లైవుడ్డు విషయంలో ఒక చిత్రం ఉంది. పొడవు వెడల్పులు అడుగుల్లో చెబుతారు, మందం మాత్రం మిల్లీమీటర్లలో చెబుతారు. 25 మిల్లీమీటర్లు అంటే దాదాపు అంగుళం అని గుర్తుంటే చాలు. మేకులు, స్క్రూలు, జిగురు, పాలిష్, ఆటో కిరాయి, మేస్త్రి కూలి వేరే వేరే గీతల్లో రాయాలి. కూలి కలపలో కలిపేస్తే ఏది ఎక్కువైందో ఎప్పటికీ తెలియదు. మేస్త్రి కూలి దగ్గర మాత్రం బేరం ఆడొద్దని నా అభిప్రాయం. బెంచీలు విరిగింది కూలి తక్కువైనందుకు కాదు, పలక పలచనైనందుకు.

ఏ కలప అన్నది కూడా రాయాలి. టేకు చేవ చెదకి లొంగదు గాని ఖరీదు. మామిడి చవక, కానీ చెద దానికోసమే ఎదురు చూస్తూ ఉంటుంది. మన పుస్తకాల గది గోడకి చెద దారి ఉందని అందరం చూస్తున్నదే. ఖర్చు తగ్గాలంటే నిలువు చెక్కలూ నేలకి తగిలే అడ్డ చెక్కా గట్టి రకం వేసి, పై అరలు పనసతో చేయించవచ్చని నాకు తోస్తుంది. మేస్త్రి వద్దంటే ఆయన మాటే. ఏ రకమైనా ఎండిన కలప కావాలి. పచ్చి పలక ఆరినకొద్దీ వెడల్పులో కుంచించుకుపోతుంది, అడుగు వెడల్పుకి అర అంగుళం దాకా పోవచ్చు. అప్పుడు అతుకులు విచ్చుకుంటాయి. పచ్చి కలపకి డబ్బిస్తే సగం నీళ్ళకి ఇచ్చినట్టే.

"చుట్టూ అడవి పెట్టుకుని కలప కొనడమేటి, నాలుగు చెట్లు కొట్టుకొస్తే పోలా" అని ఇంకో మిత్రుడి మాట. ఇది మనలో చాలామంది అనేదే. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకి హక్కు ఉంది. అందులో వెదురు ఉంది, తేనె ఉంది, తునికాకు ఉంది. కలప లేదు. అనుమతి లేకుండా కొడితే కేసు మన నాన్నల మీద పడుతుంది, బీరువా మీద కాదు. కావున అడితిలో కొని బిల్లు తీసుకోవడమే దారి. బిల్లు మీద మొత్తం ఒక్కటే కాకుండా పలకల పొడవు, వెడల్పు, మందం, సంఖ్య రాయించుకోవాలి. అప్పుడు దించినప్పుడు టేపు పెట్టి సరిచూసుకోవచ్చు.

ఈ లెక్క బీరువాకే అని ఊరుకుంటే నేను ఇంత రాయను. మన ఊళ్ళల్లో కాఫీ తోటలకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు ఇప్పుడు మానులయ్యాయి. వాటి మీద మిరియాల తీగ పాకుతుంది. ఇంట్లో పెళ్ళో జబ్బో వస్తే ఒకటో రెండో అమ్ముతారు. కొనేవాడు వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, కింద నుంచి పైకి చూసి "దీనికి ఇంత" అంటాడు. మన నాన్నలు "ఇంకో అయిదొందలు వెయ్యి బాబూ" అంటారు. అక్కడితో బేరం అయిపోతుంది. చెట్టులో ఎంత కలప ఉందో వాడికి తెలుసు, మనకి తెలియదు.

ఒక తాడూ స్కేలూ ఉంటే మనకీ తెలుస్తుంది. కొట్టిన మానుకి నడిమి భాగంలో తాడు చుట్టి చుట్టుకొలత తియ్యాలి. దాన్ని నాలుగో వంతు చేసి, దాని వర్గాన్ని పొడవుతో గుణించాలి. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు ఉంటే నాలుగో వంతు 1, దాని వర్గం 1, కాబట్టి 10 ఘనపుటడుగులు. దీన్నే క్వార్టర్ గర్త్ లెక్క అంటారు. ఇంగ్లండులో హోపస్ అనే ఆయన 1736లో ఈ కొలతల పట్టికల పుస్తకం వేశాడు. అందుకని హోపస్ కొలత అని కూడా పేరు. మన లెక్కల పుస్తకంలోని స్థూపం సూత్రంతో వేస్తే అదే మానుకి 12.7 వస్తుంది. అంటే ఈ పద్ధతిలోనే నూటికి 21 పైచిలుకు తరుగు ముందే తీసేసి ఉంది, పలకలుగా కోసినప్పుడు పోయే చెక్క కోసం. ఆ సంగతి తెలియక "బెరడుకింత, కోతకింత" అని మళ్ళీ తగ్గించమంటే మనం ఒప్పుకోకూడదు, రెండుసార్లు పోతుంది.

అదే పొడవున్న ఇంకో మాను చుట్టుకొలత 5 అడుగులు అనుకోండి. చూపుకి కాస్త లావు, అంతే. లెక్క వేస్తే 15.6. అంటే సగం పైగా ఎక్కువ. దానికీ దీనికీ ఒకే ధర చెప్పి పట్టుకుపోతే మనం నవ్వుతూ టీ ఇచ్చి పంపిస్తాం. సంతలో మానికెకి తల కొట్టి కొలిస్తే మన అమ్మలు గొడవ పడతారు, అది వాళ్ళకి కనపడుతుంది. చెట్టు దగ్గర తల కొట్టినట్టు కనపడదు. మన బీరువా లెక్క చేతితో వేసినవాడు సెలవులకి ఇంటికి వెళ్ళి తాడు తీస్తాడని నా ఆశ.

ఇప్పుడు వార్డెన్ సారుకి నా మనవి. అంచనా వేసే పని 9, 10 తరగతుల వాళ్ళకి అప్పగించండి. లెక్కల మాస్టారు సరిచూస్తారు, మేస్త్రి వచ్చి మార్పులు చెబుతాడు. ఆ కాగితం ఈ గోడపత్రిక పక్కనే అంటిద్దాం. కలప దిగిన రోజు ప్రతి పలకా కొలిచి పక్క గడిలో రాస్తాం. పిల్లలు పెద్దవాళ్ళని అనుమానిస్తున్నారు అని దయచేసి అనుకోవద్దు. ఆడిటు వాళ్ళు వచ్చి "ఇంత కలప ఎందుకయింది" అని అడిగితే చూపించడానికి సారు చేతిలో కూడా అదే కాగితం ఉంటుంది. దీనివల్ల బీరువా ఒక వారం ఆలస్యం అవుతుందేమో. పెట్టెల్లో ఇన్నేళ్ళు ఉన్న పుస్తకాలు ఇంకో వారం ఉంటాయి, ఇటుకలు పెట్టి పెట్టెలు కాస్త ఎత్తు చేద్దాం.

లాంగ్‌జంప్ కొలిచే టేపు పి.ఇ.టి. సారు దగ్గర ఉంది, ఇస్తానన్నారు. పుస్తకాల గది గోడ ఆదివారం టిఫిన్ తర్వాత కొలుద్దాం. తలుపు వెనక 4 అడుగులు ఖాళీ ఉందో లేదో ముందు అది చూడాలి, లేకపోతే పై లెక్కంతా 3 అడుగులకి మళ్ళీ వెయ్యాలి. నా గుణకారాల్లో తేడా కనపడిన వాళ్ళు రాయడానికి ఈ కాగితం కింద నాలుగు వేళ్ళ జాగా వదిలాను. పెన్సిలుతో రాయండి, స్కెచ్ పెన్ను వద్దు, వెనక పేజీకి దిగుతుంది.

– 10వ తరగతి, 'బి' సెక్షను